బోటు నెట్టే ముందు

నెల్లూరు తీరంలో ఫైబర్ బోటు నీళ్లలోకి దిగేటప్పటి సముద్రం వేరు, తిరిగి ఒడ్డెక్కేటప్పటి సముద్రం వేరు. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం మీదికి వీస్తుంది. ఆ గాలికి ఒడ్డు దగ్గర అలలు అణిగి ఉంటాయి. మైపాడులోనో ఇస్కపల్లిలోనో నాలుగు గంటలప్పుడు నిలబడి చూస్తే నీళ్లు బుద్ధిగానే కనిపిస్తాయి. పొద్దెక్కి ఇసుక కాగేకొద్దీ గాలి మళ్లుతుంది. పదకొండు, పన్నెండు దాటాక సముద్రం నుంచి ఒడ్డుకు తోయడం మొదలుపెడుతుంది. తడిసిన వల, చేపల బరువు, అడుగంటిన డీజిలు, అలిసిన ఒళ్లు, వీటన్నిటితో మనిషి వెనక్కి వచ్చేది ఆ గాలిలోనే. అందుకే నాలుగు గంటలకు ఒడ్డున నిలబడి వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: మధ్యాహ్నం రెండు గంటలకు ఇదే చోట, ఇంత బరువుతో, తిరిగి దాటగలమా?

కొత్తగా వేటకెక్కిన కుర్రాళ్లను, అప్పు చేసి మొదటి బోటు కొన్నవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ముప్పై ఏళ్లు సముద్రాన్ని చూసిన పెద్దాయనకు మబ్బును బట్టి, గాలి తగిలే చెంపను బట్టి తెలిసేది చాలా ఉంటుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నాకు పేచీ. అయితే ఆయనకు కనిపించేది ఆయన కంటి మేరే. రెండు వేల కిలోమీటర్ల అవతల లేచి, రెండు రోజుల్లో మన ఒడ్డుకు చేరే అలను ఏ కన్నూ ముందుగా చూడలేదు. ఆ పని బులెటిన్‌ది. మీ పాళెం ముందు ఇసుక మెట్ట ఎటు జరిగిందో బులెటిన్‌కు తెలియదు. అది మీ కంటి పని. రెండూ కావాలి, ఒకదానికి బదులు ఇంకొకటి పనికిరాదు.

బులెటిన్‌లో ఏం చూడాలి

మనకు హెచ్చరికలు రెండు చోట్ల నుంచి వస్తాయి. గాలి, వాన, తుపాను సంగతి వాతావరణ శాఖది. విశాఖపట్నంలోని తుపాను హెచ్చరికల కేంద్రం, అమరావతి వాతావరణ కేంద్రం మన కోస్తాకు ఆ కబురు చెబుతాయి. అల, పోటు, ప్రవాహం సంగతి హైదరాబాదు ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్‌ది. 1999లో మొదలైన ఈ సంస్థను మనవాళ్లు చేపలు ఎక్కడ తగులుతాయో చెప్పే సంస్థగా ఎరుగుదురు. చేపల చోటు చెప్పే మెసేజీ పాళెమంతా తిరుగుతుంది. అదే సంస్థ, అదే ఫోనుకు పంపే అల ఎత్తు మెసేజీని తెరిచి చదివేవాళ్లు తక్కువ. చదివినవాళ్లు కూడా ఆ అంకెను తక్కువగా అర్థం చేసుకుంటారు.

అల ఎత్తు 2 మీటర్లు అని ఉంటే ఆ రోజు వచ్చే పెద్ద అల 2 మీటర్లని చాలామంది అనుకుంటారు. అది పెద్ద అల ఎత్తు కానే కాదు. వచ్చే అలలన్నిటిలో పెద్దవైన మూడో వంతును విడిగా తీసి, వాటికి కట్టిన సగటు అది. సగటు గనక దానికి మించినవి ఎన్నో ఉంటాయి, ఒకటీ అరా దాదాపు రెట్టింపు ఎత్తున లేస్తాయి. పొద్దస్తమానం సముద్రంలో ఉండేవాడికి ఆ ఒక్కటి ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడుతుంది. కాబట్టి 2 మీటర్లని చదివితే 4 మీటర్ల అలకు మన బోటు తట్టుకుంటుందా అని లెక్క వేసుకోండి.

ఎత్తు పక్కన సెకన్లలో ఇంకో అంకె ఉంటుంది. ఒక అల తల దాటాక రెండో అల తల రావడానికి పట్టే సమయం అది. నన్నడిగితే మొదట చూడాల్సింది దాన్నే. ఇక్కడి గాలికి ఇక్కడే లేచిన అల ఐదారు సెకన్లకొకటి వస్తుంది. బోటును కుదుపుతుంది, ఒళ్లంతా తడుపుతుంది, దాని రాక కంటికి తెలుస్తూనే ఉంటుంది. దక్షిణ మహాసముద్రంలో ఎక్కడో రేగిన గాలివానలకు పుట్టి వచ్చే అల అలా కాదు, 14 నుంచి 18 సెకన్లకొకటి వస్తుంది. లోతు నీళ్లలో బోటు దాని మీద మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది, ఎవరూ పట్టించుకోరు. ఒడ్డు దగ్గర లోతు తగ్గేసరికి అదే అల ఉన్నట్టుండి నిలువునా లేచి విరుగుతుంది. గాలి ఆడని రోజున, మబ్బు తునక లేని ఆకాశం కింద బోట్లను తిరగేసేది ఇలాంటి అలే. కేరళకూ దక్షిణ తమిళనాడుకూ ఏప్రిల్, మే నెలల్లో దీని బెడద ఎక్కువ. శ్రీలంక అడ్డుగా ఉండబట్టి మనకు కొంత తక్కువే గాని, అసలు లేకుండా పోదు. ఎత్తు ఒక మీటరే ఉన్నా పక్కన 15 సెకన్లని కనిపిస్తే ఒడ్డు దాటే సంగతి రెండోసారి ఆలోచించండి.

2020 నుంచి ఇన్‌కాయిస్ చిన్న బోట్ల కోసం ప్రత్యేకంగా ఒక హెచ్చరిక ఇస్తోంది. అల ఎంత ఎత్తుందో చూడటంతో ఆగకుండా, ఎంత నిటారుగా ఉంది, ఎన్ని దిక్కుల నుంచి వస్తోంది, గాలి ఎంత తొందరగా పుంజుకుంటోంది అన్నవి కూడా కలిపి, బోటు తిరగబడే ముప్పును లెక్కగడుతుంది. 7 మీటర్ల లోపు వెడల్పున్న బోట్లన్నీ దీని కిందికి వస్తాయి. మన ఫైబర్ బోట్లేమిటి, మరబోట్లు కూడా అంతకన్నా సన్ననివే. ఇన్‌కాయిస్ వాళ్ల సముద్ర యాప్‌ను ఫోనులో వేసుకుని, బోటు మీద ఒక మనిషికి రోజూ రాత్రి దాన్ని చూసే పని అప్పగించండి. ‘అందరూ చూస్తారులే’ అని వదిలేస్తే ఎవరూ చూడరు.

తుపాను మాటకొస్తే, మన దగ్గర ‘వాయుగుండమేగా, తుపాను కాదుగా’ అనే ధీమా ఒకటుంది. గాలి గంటకు 31 నుంచి 50 కిలోమీటర్లుంటే వాయుగుండం, 62కు చేరితే తుపాను. మధ్యలో ఉన్నది తీవ్ర వాయుగుండం. ఈ మెట్లన్నీ కొన్ని గంటల్లో ఎక్కేసే తుపాన్లున్నాయి. 2017 నవంబరు 29న శ్రీలంక పక్కన వాయుగుండంగా ఉన్నది మర్నాటికి ఓఖి తుపానయింది. కన్యాకుమారి, కేరళ తీరాల నుంచి అప్పటికే లోతు వేటకు పోయి ఉన్నవాళ్లకు కబురు అందే దారి లేకపోయింది, వందలమంది తిరిగి రాలేదు. రాత్రులు సముద్రంలోనే ఉండే వేటకు పోయేవాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకుని, ఒడ్డున సిగ్నల్ ఉండే ఫోనుతో పాటు లోతు సముద్రంలో పనిచేసే వైర్‌లెస్ సెట్టో, ప్రభుత్వం ఇచ్చే ట్రాన్స్‌పాండరో బోటులో ఉందా, పనిచేస్తోందా అని చూసుకోవాలి. కోస్ట్‌గార్డు నంబరు 1554 ప్రతి మనిషికీ నోటికి రావాలి.

తుపాను ఎక్కడ తీరం దాటుతుందన్న దాన్నే చూసి ఊపిరి పీల్చుకోవడం ఇంకో పొరపాటు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు చెన్నై, నెల్లూరు తీరాలకు సమాంతరంగా నెమ్మదిగా పాకుతూ వచ్చింది. దాటింది బాపట్లలోనే అయినా దెబ్బ మనకూ తగిలింది. 1984 నవంబరులో శ్రీహరికోట, 1989 నవంబరులో కావలి తుపాన్లను చూసినవాళ్లు ఇంకా పాళేల్లో ఉన్నారు. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని గాలి ఏ దిక్కు నుంచి మొదలై ఎటు తిరిగిందో అడిగి తెలుసుకోండి.

కృష్ణపట్నం పోర్టులో ఎగరేసే తుపాను హెచ్చరిక నంబర్ల సంగతి రెండు ముక్కల్లో: 1, 2 దూరాన ఉన్న ప్రమాదానికి. 3, 4 ఈ రేవుకే ముప్పు రావచ్చుననడానికి. 5 నుంచి 10 దాకా తుపాను మీదికే వస్తోందనడానికి. 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. చిన్న బోటుకు 3 చూశాక ఇక ఆలోచించడానికేమీ లేదు.

ఒడ్డున కూర్చుని చూసేది

ఇప్పుడు మీ కంటి పని. అల తన ఎత్తుకు సుమారు 1.3 రెట్లు లోతున్న చోటికి రాగానే విరుగుతుంది. 2 మీటర్ల అల రెండున్నర మీటర్ల నీళ్లలో విరుగుతుందన్న మాట. దీన్ని తిరగేసి చదివితే, అల ఎక్కడ విరుగుతోందో అక్కడ నీళ్ల కింద ఇసుక మెట్ట ఉందని తెలుస్తుంది. ఆ మెట్ట ఒక చోట ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఒడ్డు వెంట ప్రవాహం దక్షిణానికి నడుస్తుంది, ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి నడుస్తుంది. ఇసుక కూడా కాలాన్ని బట్టి అటూ ఇటూ నడుస్తుంది. పెన్నకు వరద వచ్చిన ఏడు మరీను. 2021 నవంబరులో వచ్చినంత వరద వస్తే ఊటుకూరు వైపు ఏటి మొగ దగ్గర నిరుటి దారి ఈ ఏడు దారి కాదు. వరద తీశాక మొదటిసారి దాటేవాళ్లు పట్టపగలు, ఖాళీ బోటుతో, గడ వేసి లోతు చూసుకుంటూ దాటాలి.

అలలు ఒకటొకటిగా రావు, గుంపులుగా వస్తాయి. నాలుగైదు పెద్దవి వరసగా వచ్చి, తర్వాత కాస్త తెరిపి ఇస్తాయి. తెరిపి చూసి ‘సముద్రం తగ్గింది’ అనుకుని బోటు నెట్టినవాళ్లు సరిగ్గా తర్వాతి గుంపుకు ఎదురు పోతారు. కాబట్టి ఒకే చోట పావుగంట కదలకుండా కూర్చోండి. ఫోనులో టైము చూసి రెండు తలల మధ్య సెకన్లు లెక్కపెట్టండి. పొడుగు అలల రోజుల్లో ఒక గుంపుకూ ఇంకో గుంపుకూ మధ్య పది నిమిషాలు పట్టినా పడుతుంది, కనీసం రెండు గుంపులు చూడనిదే లేవకండి. మెట్ట పొడవునా తెల్లగా విరుగుతూ, విరగని సందు ఎక్కడా కనిపించకపోతే ఆ పూట దారి లేనట్టే.

దూరాన నీళ్ల మీద తెల్లనురగలు అక్కడక్కడ లేస్తుంటే ఫరవాలేదు. ఎటు చూసినా తెల్లగానే ఉంటే గాలి గంటకు 30 కిలోమీటర్లు దాటినట్టు. తెల్లవారుజామునే, అదీ నేల గాలి ఆడే వేళలో, అలా ఉందంటే మధ్యాహ్నానికి ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కృష్ణపట్నం దగ్గర కండలేరు క్రీకులో గానీ, పెన్న మొగలో గానీ, ఇంకే ఏటి నోట్లో గానీ దాటేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. ఆటు వేళ నీళ్లు లోపలి నుంచి సముద్రంలోకి పరుగెత్తుతాయి. ఎదురుగా అల వస్తుంది. రెండూ కొట్టుకున్న చోట అలల మధ్య దూరం తగ్గి, అల నిటారుగా లేస్తుంది. బయట ఒక మీటరున్న అల అక్కడ మీ తల మీదికి రావచ్చు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, పైన వానలు పడ్డ రోజుల్లో ఈ ఉరవడి ఇంకా ఎక్కువ. పోటు నిండి నీళ్లు నిలిచిన కాసేపట్లో దాటడం మేలు. గంట ఆగితే పోయేది ఐసు ఒక్కటే.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వేరే ముప్పు. సాయంత్రం పూట పడమటి నుంచి ఉరుముల మబ్బు లేస్తుంది. మనం తూర్పుకు ముఖం పెట్టి వల లాగుతుంటాం, అది వీపు వెనక నుంచి వస్తుంది. ఉన్నట్టుండి గాలి చల్లబడి, నేల వైపు నుంచి మట్టి వాసన కొట్టిందంటే పావుగంట కూడా ఉండదు. ఆ గాలి బోటును సముద్రం లోపలికి నెడుతుంది, మెరుపుకు సముద్రం మీద అన్నిటికన్నా ఎత్తుగా ఉండేది మీరే. వల సగంలో ఉన్నా సరే, గుర్తు కట్టి వదిలేసి మళ్లుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు

బోటు బయటికి పోయేటప్పుడు ముక్కు అలకు ఎదురుగా ఉంటుంది, నడిపేవాడికి అల కనిపిస్తుంది. వచ్చేటప్పుడు అల వెనక ఉంటుంది. వెనక నుంచి లేచిన అల బోటు వెనక భాగాన్ని ఎత్తుతుంది, ముక్కు నీళ్లలోకి దిగుతుంది. దిగిన ముక్కు ఆగిపోతుంది, వెనక భాగం ఆగక పక్కకు తిరుగుతుంది. క్షణంలో బోటు అలకు అడ్డంగా పడుతుంది, తర్వాతి అల దాన్ని బోర్లిస్తుంది. ఇదంతా ఒడ్డున నిలబడ్డ పెళ్లాం బిడ్డలకు కనిపించేంత దగ్గరలో జరుగుతుంది.

దీనికి మందు తొందరపడకపోవడం. విరిగే చోటుకు బాగా బయటే ఇంజిను తగ్గించి ఆగండి. చేపల పెట్టెలను అడుగున, బోటు మధ్యకు జరిపి, జారకుండా కట్టండి. వల కుప్పను ముక్కులో పెట్టకండి. లైఫ్ జాకెట్లు అక్కడ తొడుక్కోవాలి, తిరగబడ్డాక తొడుక్కోవడం ఎవరి వల్లా కాదు. వల తాడు ఎవరి కాలికీ నడుముకూ చుట్టుకుని ఉండకూడదు. గుంపు పోనిచ్చి, ఆఖరి పెద్ద అల దాటగానే దాని వీపు మీద ఉండి, దాన్ని దాటిపోకుండా, దాని వేగంతోనే రండి. వెనక ఇంకోటి లేస్తున్నట్టు చూసి బెదిరి ఇంజిను పెంచితే ముందు అల తల మీదికెక్కి అవతలికి దూకుతారు. పడితే బోటును వదలకండి. తిరగబడిన ఫైబర్ బోటు తేలుతూనే ఉంటుంది. ఒడ్డు దగ్గరే కదా అని ఈదబోయినవాళ్లు, ఇసుక మెట్ట సందుల్లోంచి లోపలికి లాగే నీళ్లలో చిక్కుకుంటారు.

కొండల మీద నేర్చిన సంగతి

మన జిల్లా సంగం మండలం గాంధీజనసంగంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబును చాలామంది ఎరుగుదురు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలెక్కిన మనిషి, 2015 మార్చిలో అండీస్ కొండల్లో వాతావరణం తిరగబడినప్పుడు చనిపోయాడు. ఆయన తిరిగిన మంచు కొండల్లో పనిచేసేవాళ్ల నుంచి మన బోటువాళ్లు నేర్చుకోదగ్గ సంగతి ఒకటుంది.

అక్కడి భయం హిమపాతం. వాలు మీద పేరుకున్న మంచు పొర ఒక్కసారిగా జారి మనుషుల్ని కప్పేస్తుంది. దానికీ రోజువారీ బులెటిన్లున్నాయి. హిమాలయాల్లో మన రక్షణ పరిశోధన సంస్థ వాళ్లు ఇస్తారు. ప్రమాదానికి 1 నుంచి 5 దాకా మెట్లు. ఎక్కువమంది చనిపోయేది 5వ మెట్టు రోజున అనుకుంటాం. ఆ రోజు ఎవరూ వాలెక్కరు. మరణాల్లో పెద్ద వాటా మధ్యలో ఉన్న 3వ మెట్టు రోజులది. ప్రమాదం నిజంగా ఉంటుంది, కానీ ‘చూసుకుని పోతే పోవచ్చులే’ అనిపించేంతే ఉంటుంది. మన సంగతీ అంతే. తుపాను హెచ్చరిక రోజున పాళెమంతా బోట్లు పైకి లాగేసుకుంటుంది, కులపెద్దలు దురాయి వేసి ఆపిన రోజులూ ఉంటాయి. ఆ రోజుల గురించి సలహా చెప్పక్కర్లేదు. గాలి గంటకు పాతిక, అల ఒకటిన్నర మీటర్లు, పైనుంచి ఏ ఆజ్ఞా లేదు, అలాంటి పూటల గురించే ఇదంతా రాస్తున్నది.

అమెరికాలో ఇయాన్ మెకామన్ అనే ఆయన 1972 నుంచి 2003 వరకు జరిగిన 715 హిమపాత ప్రమాదాలను పరిశీలించాడు. చిక్కుకున్నవాళ్లలో మంచు గురించి బాగా నేర్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు, ప్రమాదపు గుర్తులు కళ్లెదుటే ఉన్న సందర్భాలూ ఎక్కువే. తెలియక పోలేదు. తెలిసిన దారి అని, తోటివాళ్లు పోతున్నారని, ఒకసారి అనుకున్నాక మానుకోలేక, ముందున్న మొనగాడి మీద నమ్మకంతో, ఇవాళ వదిలితే మళ్లీ దొరకదని పోయారు. ఆ మాటలు మన రేవులో ఎలా వినిపిస్తాయో మీకు చెప్పాలా? ‘రోజూ పొయ్యే దారేగా మామా.’ ‘వాళ్ల బోటు పొయ్యింది చూడు, మనమెందుకు ఆగేది?’ ‘డీజిలు పోయించాం, ఐసు ఎక్కించాం, ఇప్పుడేంది?’ ‘అన్న ఉన్నాడుగా, ఏంగాదులే.’ ‘ఇయ్యాల పోకపోతే కడలూరు బోట్లోళ్లు ఊడ్చుకుపోతారు.’ జూన్ 15న, అరవై ఒక్క రోజుల నిషేధం తీరిన మొదటి పూట, ఈ ఐదు మాటలూ ఒకేసారి వినపడతాయి. వీటిలో ఒక్కదానికీ సముద్రంతో సంబంధం లేదు. నోటికి ఇలాంటి మాట వచ్చిందంటే గాలినీ అలనూ చూడటం ఆపేశామని గుర్తు.

దీనికి కొండల వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు నాకు నచ్చింది. గుంపులో ఎవరు వద్దన్నా ఆగాలి, ఎందుకని నిలదీయకూడదు. మన బోటులో మొదటి ఏడు వేటకొచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు బోటు నడిపే సరంగును పట్టుకుని ‘వద్దన్నా’ అనగలడా? అననివ్వరు. ‘భయమైతే ఇంట్లో కూర్చోరా’ అంటారు. ఆ మాట అనే బోటులో ఎక్కకపోవడమే మంచిదని కుర్రాళ్లకు నా సలహా. సరంగులకు నా సలహా, మాట ముందుగా ఆ కుర్రాడినే అడగండి. పెద్దవాడు ముందు చెబితే చిన్నవాడి నోట అదే మాట తప్ప ఇంకోటి రాదు.

ఇంకా గట్టి పని, అంకెలను రాత్రే కట్టుకోవడం. మా బోటుకు అల ఇంత, సెకన్లు ఇన్ని, గాలి ఇంత, వీటిలో ఏది దాటినా పోము అని ముందే తేల్చుకుని క్యాబిన్ చెక్క మీదో డబ్బా మూత మీదో రాసిపెట్టుకోండి. ఆ అంకెలు బోటును బట్టి, ఒడ్డును బట్టి మారతాయి. తుమ్మలపెంటలో కట్టుకున్నది తూపిలిపాళెంలో పనికిరాకపోవచ్చు. పెద్దవాళ్లతో కూర్చుని, నిరుడు ఏ రోజు చావు తప్పిందో ఆ రోజు బులెటిన్ ఏమన్నదో చూసి కట్టుకుంటే మీకు సరిపోయేవి వస్తాయి.

చివరికి అంతా డబ్బు దగ్గరికే వస్తుంది, దాన్ని దాటేసి సలహాలు చెప్పడం నాకిష్టం లేదు. వేటలో డీజిలు, ఐసు, బియ్యం ఖర్చు పోగా మిగిలింది బోటుకూ వలకూ ఇంజినుకూ మనుషులకూ పాళ్లు వేస్తారు. అసలు పోకపోతే ఎవరికీ ఏమీ రాదు. బయల్దేరి సగం దారిలో మళ్లుకుంటే ఆ డీజిలు తర్వాతి వేట లెక్కలో కోస్తారు, అంటే మంచి నిర్ణయం తీసుకున్న ప్రతి మనిషి జేబులోంచీ పోతుంది. ఇలా ఉన్నంతకాలం ఏ సరంగూ మళ్లడు. మళ్లుకున్న పూట డీజిలు పూర్తిగా బోటు పాలులోంచి పోవాలి, మనుషుల పాళ్లకు తగలకూడదు. యజమానికి ఇది నష్టంలా కనిపిస్తుంది గాని, బోటు, ఇంజిను, వల తనవే గదా, తిరగబడితే పోయేది ముందు ఆయనవే. మత్స్యసంపద యోజన కింద ప్రమాద బీమా ఉంది, మనిషి పోతే 5 లక్షలు. అందులో పేరు ఉందో లేదో ఒక్కో కళాసీ సంగతీ యజమానే చూడాలి. ఈ ఒప్పందం మాట్లాడుకోవడానికి మంచి వేళ ఏప్రిల్ 15 తర్వాత, బోట్లు ఒడ్డున ఉండి, వలలు బాగుచేసుకుంటూ అందరూ ఒక నీడన కూర్చునే రోజులు. జూన్ 15 తెల్లవారుజామున అడిగితే ఎవరూ వినరు.